గ్లోబ్యులిన్ 6, న్యుమోనియా రెండుసార్లు: ఇదెలా సాధ్యం?

పెన్నఒడ్డు | 11 నవంబరు, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది అనంతపురం వైపు. మా బావమరిదికి 41 ఏళ్లు, తాడిపత్రి దగ్గర నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పని. పోయిన డిసెంబరులో హెచ్‌ఐవీ ఉందని బయటపడింది. అప్పుడు సీడీ4 (హెచ్‌ఐవీ దెబ్బతీసే రక్షక కణాల లెక్క) 138. జనవరి నుంచి హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మాత్రలు వాడుతున్నాడు, ఒక్క రోజు కూడా మానలేదు. ఆ డబ్బా నేనే లెక్కపెడతాను.

ఫిబ్రవరిలో ఒకసారి న్యుమోనియా వచ్చింది. సరే, అప్పుడే మొదలుపెట్టిన మందులు కదా అనుకున్నాం. పోయిన నెల మళ్లీ వచ్చింది. పొద్దున పనికి వెళ్లినవాడు మధ్యాహ్నానికి పళ్లు కొరుక్కుంటూ వణుకుతూ వచ్చి పడుకున్నాడు. 103 జ్వరం. ఊపిరి పీలిస్తే కుడి పక్క కత్తితో పొడిచినట్టు ఉందన్నాడు. కళ్లె ఇటుక పొడి రంగులో పడింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా గడ్డకట్టినట్టు కనిపించింది. కళ్లె పరీక్షలో టీబీ లేదన్నారు, న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా పెరిగిందన్నారు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

నా సందేహం వేరే. ఫిబ్రవరి రిపోర్టులో మొత్తం ప్రొటీన్ 9.1, ఆల్బ్యుమిన్ 3.1, గ్లోబ్యులిన్ 6.0 అని ఉంది. గ్లోబ్యులిన్ పక్కన నల్లటి నక్షత్రం గుర్తు. అడిగితే ఒక డాక్టరుగారు "గ్లోబ్యులిన్లలో యాంటీబాడీలు ఉంటాయి, అవి బాగా ఎక్కువగా ఉన్నాయి" అని చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయారు. యాంటీబాడీలు అంత ఎక్కువ ఉన్న మనిషికి ఒకే ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా ఎలా వచ్చింది? రిపోర్టు ఫొటో జత చేస్తున్నాను.

నిర్వాహకుడు | 11 నవంబరు, రాత్రి 10:05

పెన్నఒడ్డు గారూ, ఫొటో తొలగించాను. మూలన రోగి పేరు, వయసు, ఓపీ నంబరు అన్నీ కనిపిస్తున్నాయి. అంకెలు మీరు రాశారు, అవి చాలు. ఆసుపత్రి పేర్లు కూడా ఎవరూ రాయవద్దని మనవి.

పెన్నఒడ్డు | 11 నవంబరు, రాత్రి 10:11

క్షమించండి. చూసుకోలేదు. చెయ్యి వణికింది ఇప్పుడు.

హగరిగాలి | 11 నవంబరు, రాత్రి 10:30

అన్నా, ఇరవై నిమిషాలే ఉంది, ఎవరూ చూసి ఉండరు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. 2017లో హెచ్‌ఐవీ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆయన అనుమతి లేకుండా ఆయన విషయం ఎవరూ బయటపెట్టకూడదు. యూనిట్ యజమానికి తెలిసినా ఆ కారణంతో పనిలోంచి తీసేయకూడదు. నేను 14 ఏళ్లుగా మాత్రల మీద ఉన్నాను. మొదట్లో నాకూ న్యుమోనియా వచ్చింది, ఆ వణుకు నాకు తెలుసు. మంచం కోళ్లు కదిలే వణుకు అది.

మీ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. సార్లు వస్తారు.

ల్యాబ్‌బెంచి | 12 నవంబరు, ఉదయం 6:18

నేను కర్నూలులో 31 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైర్ అయినవాడిని. ఈ రిపోర్టు లాంటివి వందలు నా చేతుల మీదుగా వెళ్లాయి. మొదట్లో నాకూ మీలాగే ఆశ్చర్యం.

మొదట ఒక అనుమానం తీర్చుకోవాలి. గ్లోబ్యులిన్ 6 అంటే మైలోమా అనే ఎముక మూలుగ క్యాన్సర్‌లో కూడా అలా ఉండవచ్చు. అది తేల్చడానికి సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ చేస్తారు, అంటే రక్తంలోని ప్రొటీన్లను విడదీసి గీతగా చూపే పరీక్ష. మైలోమాలో గీత ఒక్క చోట తాటిచెట్టులా నిటారుగా లేస్తుంది, ఎందుకంటే ఒకే కణపు సంతానం ఒకే రకం ప్రొటీన్ తయారుచేస్తుంది. హెచ్‌ఐవీలో ఎక్కువగా కనిపించేది చింతచెట్టు గొడుగు. వెడల్పుగా, గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు వేలాది రకాలవి ఒకేసారి ఉత్పత్తి మీద పడ్డాయని దానర్థం. ఈ పరీక్ష చేయించారా?

రెండో మాట. అక్టోబరులో మళ్లీ ప్రొటీన్లు చూశారా? ఆ అంకె కావాలి నాకు.

పెన్నఒడ్డు | 12 నవంబరు, ఉదయం 7:50

సార్, ఎలక్ట్రోఫోరెసిస్ ఫిబ్రవరిలోనే చేశారు. కాగితం మీద "పాలీక్లోనల్" అని ఉంది, అది చింతచెట్టే అనుకుంటాను. అక్టోబరులో మొత్తం 8.3, ఆల్బ్యుమిన్ 3.5, గ్లోబ్యులిన్ 4.8. సీడీ4 262. జులైలో వైరల్ లోడ్ చూస్తే వైరస్ కనిపించలేదు.

నల్లరేగడి | 12 నవంబరు, ఉదయం 9:15

అన్నా, ఈ అంకెలన్నీ మనల్ని తిప్పడానికే. మనిషిలో రోగనిరోధక శక్తి లేదు, అందుకే జబ్బు వస్తోంది. తిప్పతీగ, అశ్వగంధ, పసుపు కలిపి కషాయం ఇవ్వండి, శక్తి పెరుగుతుంది. మా వీధిలో ఒకాయన ఇస్తారు, ఎందరికో నయమైంది.

ల్యాబ్‌బెంచి | 12 నవంబరు, ఉదయం 9:40

నల్లరేగడీ, గ్లోబ్యులిన్ మామూలుగా మూడు చుట్టుపక్కల ఉండాల్సింది, ఆయనకు ఆరు ఉంది. ఇంకా ఏం పెంచుతారు, ఏడు చేస్తారా? ఆ మనిషి బీ కణాలు ఇప్పటికే పగలూ రాత్రీ ఆగకుండా పనిచేసి సొమ్మసిల్లుతున్నాయి. పైగా ఏఆర్‌టీ వాడేవారు లివర్ మీద భారం వేసే ఏ పొడీ డాక్టరుకు చెప్పకుండా మింగకూడదు.

సూక్ష్మజీవిసార్ | 12 నవంబరు, మధ్యాహ్నం 1:22

కడపలో మైక్రోబయాలజీ చెబుతాను. భోజన విరామంలో రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాకు పైన జిగటగా ఒక తొడుగు ఉంటుంది. సబ్జా గింజలు నానబెట్టి చూడండి. ఎండు గింజను వేళ్లతో పట్టుకోవచ్చు, నానిన గింజ చుట్టూ జిగురు పేరుకుని వేళ్ల మధ్యనుంచి జారిపోతుంది. మన తెల్ల రక్తకణానికి న్యుమోకాకస్ అలాగే జారిపోతుంది. ఆ జిగురు చక్కెర అణువుల పొడవాటి గొలుసులతో చేసినది. గొలుసు అల్లిక తేడాను బట్టి న్యుమోకాకస్ దాదాపు 100 రకాలు.

ఆ జిగురును పట్టి ఉంచేది యాంటీబాడీ. అది జిగురుకు అతుక్కుని, కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లను పిలిచి అంటిస్తుంది. అప్పుడే తెల్లకణం దాన్ని మింగగలుగుతుంది. ఈ పని చేసే పదార్థానికి 1903లో ఆల్మ్‌రాత్ రైట్, స్టీవార్ట్ డగ్లస్ "ఆప్సోనిన్" అని పేరు పెట్టారు. గ్రీకులో "ఆప్సాన్" అంటే రొట్టెలోకి నంజుకునేది. మన దగ్గరే పుట్టి ఉంటే ఆ పదానికి ఊరిబిండి అని పేరు పెట్టేవారు. వట్టి సంగటి ముద్ద గొంతు దిగదు కదా, అంతే లెక్క.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ ఊరిబిండి రకానికి తగినది కావాలి. 14వ రకం తొడుగుకు తయారైన యాంటీబాడీ 3వ రకాన్ని పట్టుకోదు. మీ బావమరిది గ్లోబ్యులిన్ ఆరులో ఉన్న యాంటీబాడీలు ఎక్కువ భాగం వేటి మీదో తయారైనవి. కొన్ని హెచ్‌ఐవీ మీదే. చాలావరకు ఏ శత్రువూ లేకుండా గందరగోళంలో పుట్టినవి. 1983లో, అంటే వైరస్‌ను గుర్తించిన సంవత్సరమే, అమెరికాలో ఎయిడ్స్ రోగుల రక్తంలో దీన్ని చూశారు. వాళ్ల బీ కణాలు ఎవరూ అడగకుండానే యాంటీబాడీలు కుమ్మరిస్తున్నాయి. కొత్త యాంటిజెన్‌ను, అంటే శరీరం అంతకుముందు ఎరగని పదార్థాన్ని ఎక్కించి, దీనికి తయారుచేయమని అడిగితే మాత్రం స్పందన లేదు.

ఎందుకలా అవుతుందో సాయంత్రం రాస్తాను. గంట కొట్టారు.

పెన్నఒడ్డు | 12 నవంబరు, మధ్యాహ్నం 2:05

సార్, ఇది మా చేనులో చూశాను. ఒక ఏడాది ఆగస్టు తర్వాత వానలు విపరీతంగా పడ్డాయి. వేరుశెనగ మోకాలెత్తు ఏపుగా పెరిగింది, దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. పీకితే వేరున అన్నీ తాలు కాయలు. బండెడు మేత మాత్రం మిగిలింది. గ్లోబ్యులిన్ ఆరు అంటే ఆ మేతేనా?

సూక్ష్మజీవిసార్ | 12 నవంబరు, మధ్యాహ్నం 2:09

మేతే. నా పాఠాలన్నీ మీరే చెప్పవచ్చు.

రెండోషిఫ్ట్ | 13 నవంబరు, తెల్లవారుజాము 2:47

ఛాతీ విభాగంలో పీజీ చేస్తున్నాను. వార్డు ఇప్పుడే సర్దుకుంది.

ఒక చిన్న విషయం చేరుస్తాను. 12 నెలల్లో రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు బ్యాక్టీరియా న్యుమోనియా వస్తే, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 1993లో సవరించిన జాబితా ప్రకారం అది ఎయిడ్స్ దశను సూచించే స్థితి. భయపెట్టడానికి రాయడం లేదు. ఆ చేర్పు ఎందుకంటే అప్పటిదాకా అందరి దృష్టి న్యుమోసిస్టిస్ మీద ఉండేది. అది ఫంగస్, సీడీ4 సాధారణంగా 200 కంటే తగ్గాక వస్తుంది, రెండు మూడు వారాలు పొడి దగ్గుతో మెల్లగా ముదురుతుంది. న్యుమోకాకస్ అలా కాదు. సీడీ4 500 ఉన్నా రావచ్చు, తగ్గే కొద్దీ ఇంకా ఎక్కువగా వస్తుంది, ఒక్క పూటలో పడుకోబెడుతుంది. మీ బావమరిది పొద్దున పనికి వెళ్లి మధ్యాహ్నానికి వణుకుతూ రావడం దాని తీరే.

టీబీని మాత్రం కళ్లె జన్యు పరీక్షతో ప్రతిసారీ వెతకాలి. మన దగ్గర రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదు కాదు.

నల్లరేగడి | 13 నవంబరు, ఉదయం 8:30

టీబీకి రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఉంది కదా డాక్టరుగారూ? మా అన్నకు అదే చేశారు. పాజిటివ్ అని ఆరు నెలలు మందులు మింగించారు.

ల్యాబ్‌బెంచి | 13 నవంబరు, ఉదయం 8:52

ఏ సంవత్సరంలో?

నల్లరేగడి | 13 నవంబరు, ఉదయం 8:55

2010.

ల్యాబ్‌బెంచి | 13 నవంబరు, ఉదయం 9:20

ఆ పరీక్షలు తప్పుడు ఫలితాలిస్తున్నాయని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడవద్దని చెప్పింది. 2012 జూన్‌లో మన ప్రభుత్వం వాటి తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధించింది. లేనివారికి ఉందని, ఉన్నవారికి లేదని చూపేవి. మీ అన్నగారి విషయంలో అన్యాయం జరిగి ఉండవచ్చు. నిన్న మీ మీద గొంతు పెంచాను, మనసులో పెట్టుకోకండి.

నల్లరేగడి | 13 నవంబరు, ఉదయం 11:02

మా అన్న 2011లో పోయాడు. చివరికి న్యుమోనియా అన్నారు. ఒక ప్రైవేటు చోట "యాంటీబాడీలు బయటి నుంచి ఎక్కిస్తే బతుకుతాడు" అని చిన్న చిన్న సీసాలు తెప్పించారు. రెండెకరాలు అమ్మాం. పోయాక ఒక సీసా మిగిలితే అది కూడా బిల్లులో ఉంది. అందుకే నాకు ఈ ల్యాబుల మాట మీద నమ్మకం లేదు.

అడుగుతున్నాను, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఆ సీసాలు పనిచేసేవేనా?

హగరిగాలి | 13 నవంబరు, ఉదయం 11:10

అన్నా.

రెండోషిఫ్ట్ | 13 నవంబరు, రాత్రి 11:58

నల్లరేగడి గారూ, మీ అన్నగారి కాగితాలు చూడకుండా ఆయన గురించి ఏమీ అనలేను. ఆ మందు గురించి తెలిసినది మాత్రం చెబుతాను.

దాన్ని ఐవీఐజీ అంటారు, వేలమంది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు. హెచ్‌ఐవీ ఉన్న పిల్లల మీద అమెరికాలో 1991లో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. సీడీ4 200 పైన ఉన్న పిల్లల్లో తీవ్రమైన బ్యాక్టీరియా జబ్బులు తగ్గాయి. తర్వాత 1994లో ఇంకో పరీక్షలో, అప్పటికే కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతున్న పిల్లలకు అదనపు లాభం ఏమీ కనబడలేదు. పైసల మాత్ర చేసిన పనినే వేల రూపాయల సీసా చేసింది. పెద్దవాళ్లలో వచ్చిన న్యుమోనియాకు ఇప్పుడు మామూలుగా దీన్ని వాడరు.

మీరు భూమి అమ్మడం తప్పు కాదు. అన్న మంచం మీద ఉంటే ఎవరైనా అమ్ముతారు.

సూక్ష్మజీవిసార్ | 14 నవంబరు, ఉదయం 7:15

సీసాల మాట వచ్చింది కాబట్టి. బయటి నుంచి యాంటీబాడీలు ఇవ్వడం న్యుమోనియాకు ఒకప్పుడు అసలైన వైద్యమే. పెన్సిలిన్‌కు ముందు, 1920లు, 30లలో, గుర్రాలకు న్యుమోకాకస్ ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలను తీసి రోగులకు ఇచ్చేవారు. ముందు రోగి కళ్లెలో ఉన్నది ఏ రకమో తేల్చాలి. కళ్లెలో ఆ రకం సీరం చుక్క కలిపితే తొడుగు ఉబ్బినట్టు మైక్రోస్కోపులో కనిపిస్తుంది. అది తేలేదాకా రాత్రంతా ల్యాబులో దీపం వెలిగేది. తర్వాత సల్ఫా మందులు, పెన్సిలిన్ వచ్చాక గుర్రాలకు విశ్రాంతి దొరికింది. ఆ తొడుగు రకాల గొడవలోంచే 1944లో శాస్త్రవేత్త ఏవరీ బృందం జన్యు పదార్థం డీఎన్‌ఏ అని తేల్చింది. జీవశాస్త్రం మొత్తం న్యుమోనియాకు రుణపడి ఉంది.

ఇక నేను బాకీపడ్డ సంగతి, హెచ్‌ఐవీలో బీ కణాలు ఎందుకు చెడతాయి.

హెచ్‌ఐవీ నేరుగా బీ కణాలను చంపదు. వాటి చుట్టూ ఉన్న పరిసరాలను చెడగొడుతుంది. వైరస్ ఆగకుండా పెరుగుతుండటం, పేగు గోడ దెబ్బతిని బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారుతుండటం, ఈ రెండూ బీ కణాలను నిరంతరం కొరడాతో కొట్టినట్టు రేపుతాయి. దాంతో మేత పెరుగుతుంది. అదే సమయంలో జ్ఞాపక బీ కణాలు తగ్గిపోతాయి. చక్కెర తొడుగుల మీద త్వరగా స్పందించేవి ముఖ్యంగా ఇవే. లింఫ్ గ్రంథుల్లో బీ కణానికి చెయ్యి పట్టి రాయించే టీ కణాలు వైరస్‌కు నచ్చిన స్థావరం. ఇది జబ్బు మొదట్లోనే మొదలవుతుంది. అందుకే సీడీ4 బాగున్నా న్యుమోకాకస్ వస్తుంది. ఏఆర్‌టీతో చాలావరకు బాగుపడుతుంది, జ్ఞాపక కణాలు మాత్రం ఆలస్యంగా మొదలుపెట్టినవారిలో పూర్తిగా తిరిగి రావు.

అందుకే యాంటీబాడీ ఎంత ఉందో కొలిస్తే చాలదు, అది పనిచేస్తుందా లేదా అన్నది వేరే పరీక్ష. బ్యాక్టీరియా, తెల్లకణాలు, రోగి సీరం ల్యాబ్ పళ్లెంలోని ఒక చిన్న గుంటలో కలిపి, ఎన్ని బ్యాక్టీరియాలు చచ్చాయో లెక్కపెడతారు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో మొదటి పరీక్షలో అంకె బాగుండి, రెండో పరీక్షలో చతికిలపడటం చూస్తుంటాం. ఇది పరిశోధనశాల పని. మన ఊళ్లలో డబ్బు కట్టి చేయించుకునే రిపోర్టు కాదు.

పెన్నఒడ్డు | 14 నవంబరు, ఉదయం 8:40

అంటే గ్లోబ్యులిన్ 6 నుంచి 4.8కి తగ్గడం చెడు కాదా? ఇంట్లో అందరం "అయ్యో, యాంటీబాడీలు పడిపోతున్నాయి" అని దిగులు పడుతున్నాం.

ల్యాబ్‌బెంచి | 14 నవంబరు, ఉదయం 8:58

మంచిదే. మాత్రలు వైరస్‌ను అణచాయి, కొరడా ఆగింది, మేత తగ్గుతోంది. నేను అక్టోబరు అంకె అడిగింది అందుకే.

హగరిగాలి | 14 నవంబరు, మధ్యాహ్నం 12:30

సార్లూ, గుర్రాలూ గంటలూ అన్నీ బాగున్నాయి. ఆ మనిషి బీడీ తాగుతాడా?

పెన్నఒడ్డు | 14 నవంబరు, మధ్యాహ్నం 12:41

రోజుకు రెండు కట్టలు అక్కా. ఆసుపత్రిలో మానాడు. ఇంటికి వచ్చిన మూడో రోజు పెరట్లో వాసన వచ్చింది.

హగరిగాలి | 14 నవంబరు, మధ్యాహ్నం 1:05

నేను అడిగినప్పుడల్లా ఇదే జవాబు. నేను కౌన్సెలింగ్‌లో చూసే మగవాళ్లలో రెండోసారి న్యుమోనియా వచ్చినవారికి సగానికి సగం చేతిలో బీడీ ఉంటుంది. ఊపిరి గొట్టాల లోపలి పొర మీద ఉండే సన్నటి వెంట్రుకలు దుమ్మునూ కళ్లెనూ పైకి ఊడుస్తుంటాయట, పొగ వాటిని మాడుస్తుందట. ఇంటి ముందు ఊడ్చేవాళ్లు లేకపోతే లోపల ఎంత మంది ఉండి ఏం లాభం?

దాని మీద రాయి కోసే దుమ్ము. నీళ్లు పోస్తూ కోస్తున్నారా, పొడిగానే కోస్తున్నారా, అది అడిగి చెప్పండి.

రెండోషిఫ్ట్ | 15 నవంబరు, తెల్లవారుజాము 1:33

అక్క చెప్పినదానికి అంకె ఉంది. స్మార్ట్ అనే పెద్ద పరీక్షలో 5,472 మందిని తీసుకున్నారు. సీడీ4 బాగుంటే మందులు ఆపి, పడిపోతే మళ్లీ మొదలుపెడితే ఎలా ఉంటుందని చూడాలనుకున్నారు. మందులు ఆపినవారికి నష్టం ఎక్కువని తేలి 2006లో మధ్యలోనే ఆపేశారు. ఆపినవారిలో బ్యాక్టీరియా న్యుమోనియా కూడా పెరిగింది. పొగ తాగేవారికి తాగనివారికంటే 80 శాతం దాకా ఎక్కువ ముప్పు కనబడింది. మాత్ర మానకూడదు, బీడీ మానాలి. మన చేతిలో ఉన్న రెండు మందులు ఇవి, రెండూ ఉచితం.

మాత్రల డబ్బాలో కోట్రైమాక్సజోల్ ఉంటే డాక్టరు చెప్పేదాకా ఆపవద్దు. న్యుమోకాకస్ చాలా చోట్ల దానికి లొంగడం లేదు, అయినా న్యుమోసిస్టిస్‌ను ఆపడంలో దాని పని దానిదే.

సూక్ష్మజీవిసార్ | 15 నవంబరు, ఉదయం 6:50

కోట్రైమాక్సజోల్ బ్యాక్టీరియా ఫోలిక్ ఆమ్లం తయారుచేసుకునే దారిని రెండు చోట్ల మూస్తుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ బృందాన్ని నడిపింది మన యల్లాప్రగడ సుబ్బారావు. ఇది పాఠంలో లేదు, చెప్పకుండా ఉండలేక చెప్పాను.

పెన్నఒడ్డు | 15 నవంబరు, రాత్రి 8:20

డిశ్చార్జి కాగితంలో "న్యుమోకాకల్ టీకా సూచించాం" అని ఒక వాక్యం ఉంది. పిల్లల టీకా కదా అది, మా అన్న మనవడికి ఉచితంగా వేశారు. పెద్దవాళ్లకు మందుల షాపులో నాలుగు వేలకు దగ్గరగా చెప్పారు. మీరు చెప్పినదాని ప్రకారం బీ కణాలే చెడిపోయాయి. చెడిపోయిన చేనులో మళ్లీ విత్తనం వేయడం దేనికి?

నల్లరేగడి | 15 నవంబరు, రాత్రి 9:02

సరైన ప్రశ్న. నేను కూడా వెతికాను. ఆఫ్రికాలో, ఉగాండాలో, హెచ్‌ఐవీ ఉన్నవారికి ఈ టీకా వేస్తే, వేయించుకున్నవారిలోనే న్యుమోనియా ఎక్కువ వచ్చిందట. ఈసారి నేను ఊహించి రాయడం లేదు.

సూక్ష్మజీవిసార్ | 15 నవంబరు, రాత్రి 10:15

నల్లరేగడి గారు సరిగ్గానే చదివారు. ఎంటెబ్బేలో జరిగిన పరీక్ష అది, 2000లో ప్రచురించారు. 1,392 మంది. వాడింది 23 రకాల పాలీశాకరైడ్ టీకా, అంటే తొడుగు చక్కెరను మాత్రమే తీసి ఇచ్చేది. ఎవరికీ ఏఆర్‌టీ లేదు. న్యుమోనియా తగ్గలేదు సరికదా, పెరిగింది. విచిత్రం ఏమిటంటే, వాళ్లనే ఇంకొన్నేళ్లు గమనిస్తే టీకా వేసుకున్నవారిలో మొత్తం మరణాలు తక్కువ. దీనికి సంతృప్తికరమైన వివరణ నాకు దొరకలేదు.

కానీ ఆ టీకా పనిచేసే తీరు చూడండి. వట్టి చక్కెర గొలుసు టీ కణాల కంట పడదు. బీ కణం ఒంటరిగా స్పందించాలి. రెండేళ్ల లోపు పిల్లల్లో అది చేతకాదు, హెచ్‌ఐవీ ఉన్న పెద్దవాళ్లలో సగం సగం. జ్ఞాపకం మిగలదు.

అందుకే కాంజుగేట్ టీకా తయారుచేశారు. చక్కెర గొలుసును ఒక ప్రొటీన్‌కు కట్టి ఇస్తారు. చాలా టీకాల్లో ఆ ప్రొటీన్ కంఠసర్పి (డిఫ్తీరియా) విషానికి విషగుణం తీసేసిన రూపం. ప్రొటీన్ ఉంది కాబట్టి టీ కణాలు వచ్చి చెయ్యి వేస్తాయి, బీ కణం గుర్తుపెట్టుకుంటుంది. దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు 9 రకాల కాంజుగేట్ ఇస్తే ఆ రకాల తీవ్ర జబ్బు 65 శాతం తగ్గింది, హెచ్‌ఐవీ లేని పిల్లల్లో 83 శాతం. ఇది 2003లో.

పెద్దవాళ్ల సంగతి మలావీలో తేలింది, 2010లో వచ్చింది. న్యుమోకాకస్ తీవ్ర జబ్బు ఒకసారి వచ్చి కోలుకున్న 496 మంది, ఎక్కువమంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లే. అంటే అచ్చంగా మీ బావమరిది లాంటివాళ్లు. 7 రకాల కాంజుగేట్ ఇస్తే టీకాలో ఉన్న రకాల వల్ల మళ్లీ జబ్బు రావడం 74 శాతం తగ్గింది. రక్షణ మొదటి ఏడాది గట్టిగా ఉండి తర్వాత పలచబడింది. అదీ చెప్పాలి.

పెన్నఒడ్డు గారూ, చేను పాడైపోలేదు. నీళ్లు ఆపి, గట్టు వేసి, ఈసారి వేరే విత్తనం వేస్తున్నారు.

నల్లరేగడి | 15 నవంబరు, రాత్రి 10:31

అంటే ఒకే పేరుతో రెండు టీకాలు. ఇది ఎక్కడా ఎవరూ చెప్పరు. 2000 నాటి సంగతి చదివి నేను నిజంగానే వద్దనేవాడిని.

రెండోషిఫ్ట్ | 16 నవంబరు, తెల్లవారుజాము 3:10

పిల్లలకు ఉచితంగా ఇచ్చేదీ కాంజుగేటే. 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021 నాటికి దేశమంతా వచ్చింది. అక్కడా ఒక లాభం ఉంది. పిల్లల ముక్కులో న్యుమోకాకస్ తగ్గితే ఇంట్లో పెద్దవాళ్లకు సోకడం తగ్గుతుంది. ఇంట్లో పిల్లలకు డోసులు పూర్తయ్యాయో లేదో చూడండి.

పెద్దవాళ్లకు వరస ఇది. ముందు కాంజుగేట్. తర్వాత కనీసం ఎనిమిది వారాలు ఆగి 23 రకాలది. వరస తిరగేస్తే స్పందన మందగిస్తుంది. 20 రకాల కాంజుగేట్ వేసుకుంటే రెండోది అక్కరలేదు, దానికి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. సీడీ4 200 దాటి, వైరస్ అణగి ఉన్నప్పుడు స్పందన బాగుంటుంది. మీకు రెండూ ఉన్నాయి. ఇప్పుడే మంచి సమయం. మీ ఏఆర్‌టీ సెంటర్ డాక్టరును అడిగి వేయించండి, నేను రాసింది చీటీ కాదు.

హగరిగాలి | 16 నవంబరు, ఉదయం 9:00

డబ్బు ఇబ్బంది అయితే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి మీ జిల్లాలో ఎక్కడ ఏ సాయం ఉందో అడగండి, ఉచితం. రాయి దుమ్ము సంగతి ఇంకా చెప్పలేదు.

పెన్నఒడ్డు | 20 నవంబరు, రాత్రి 9:30

ఈ రోజు కాంజుగేట్ వేయించాం. 13 రకాలది. డాక్టరుగారితో మాట్లాడినప్పుడు "ముందు కాంజుగేట్, తర్వాత 23" అన్నాను. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని "మీకు ఎవరు చెప్పారు?" అన్నారు. వేరుశెనగ రైతులు అని చెప్పాను.

బావమరిది చెయ్యి వాచింది, "బావా, న్యుమోనియా నయం, దీనికంటే" అంటున్నాడు. ఎక్కువ చేస్తున్నాడు. బీడీ నిన్నటి నుంచి లేదు. రెండు రోజులంటే నమ్మను.

రాయి పొడిగానే కోస్తున్నారట అక్కా. నీళ్ల గొట్టం ఉంది, మోటారు చెడి ఆరు నెలలైందట.

హగరిగాలి | 20 నవంబరు, రాత్రి 9:48

మోటారు బాగు చేయించమని అందరూ కలిసి అడగాలి, ఆయన ఒక్కడే అడిగితే ఆయన మీద చూపు పడుతుంది. హెచ్‌ఐవీ మాట ఎత్తకండి, అందరి ఊపిరితిత్తుల మాట ఎత్తండి. అప్పటిదాకా గుడ్డ కట్టుకుంటే చాలదు, గట్టి మాస్కు కావాలి.

పెన్నఒడ్డు | 20 నవంబరు, రాత్రి 10:02

సరే అక్కా. ఎనిమిది వారాలు లెక్కపెడితే రెండో టీకా జనవరి 15న పడింది. సరిగ్గా సంక్రాంతి రోజుల్లో. ఆ రోజు టీకా వేసేవాళ్లు దొరకరు.

ల్యాబ్‌బెంచి | 20 నవంబరు, రాత్రి 10:06

ఎనిమిది వారాలు అంటే కనీసం. పండుగ అయ్యాక వేయించండి. అప్పుడే ప్రొటీన్లు ఇంకోసారి చూపించి గ్లోబ్యులిన్ ఎంతో ఇక్కడ రాయండి. ఈసారి ఫొటో వద్దు.

నల్లరేగడి | 20 నవంబరు, రాత్రి 10:20

పెన్నఒడ్డు అన్నా, ఆ మోటారు ఏ కంపెనీది, ఎన్ని హార్స్‌పవర్? నాది మోటార్ల రిపేరు షాపే. తాడిపత్రికి ఆదివారం వస్తాను.